ఈహెచ్‌పీ పీసీఆర్ ప్యాకేజీ: పరీక్ష గట్టిది, రిపోర్టు సగం, కౌంటర్ మీది ‘వ్యాక్సిన్’ వద్దు

భీమవరంలో ఆక్వా మందుల షాపుల మధ్య పీసీఆర్ (డీఎన్‌ఏని రెట్టింపులు చేసి జబ్బు జాడ పట్టే పరీక్ష) ల్యాబు బోర్డులు ఇప్పుడు కొత్త కాదు. రొయ్యని పెరగనీయని ఈహెచ్‌పీ జబ్బుకి వాటిలో ఒక ల్యాబు అమ్ముతున్న పరీక్షల ప్యాకేజీ మీద ఈ సమీక్ష. సీడ్, అంటే హ్యాచరీ రొయ్య పిల్ల, వేసే ముందు పిల్లకి ఒకసారి, వేశాక నెల లోపు చెరువులో రొయ్యకి ఒకసారి, పట్టుబడి అయ్యాక అడుగు మట్టికి ఒకసారి, మూడు పరీక్షలూ కలిపి ఒకే రేటు. విడిగా చేయిస్తే ఒక్కో శాంపిల్‌కి వెయ్యి పైచిలుకు అవుతుంది కాబట్టి ప్యాకేజీలో మూడోది దాదాపు ఊరికే వచ్చినట్టు. ల్యాబు పేరు రాయడం లేదు. ఇందులోని మంచీ చెడూ కాళ్ళ, మొగల్తూరు, అమలాపురం, అల్లవరం ఎటు వెళ్ళినా ఏ ల్యాబులోనైనా అడిగి తెలుసుకోవాల్సినవే.

తీర్పు ముందే చెప్పేస్తాం. పిల్ల పరీక్ష డబ్బుకి తగ్గది, శాంపిల్ సరిగ్గా ఇస్తేనే. నెల లోపు పరీక్ష ప్యాకేజీ మొత్తంలో విలువైనది. మట్టి పరీక్ష ఇప్పుడు వాళ్ళు చేస్తున్న పద్ధతిలో దండగ. ప్యాకేజీతో పాటు కౌంటర్ మీద అంటగట్టే ‘ఈహెచ్‌పీ వ్యాక్సిన్’ సాచెట్ అసలు కొనొద్దు.

ఈహెచ్‌పీ అంటే ఎంటెరోసైటోజూన్ హెపటోపీనై. థాయిలాండ్‌లో టైగర్ రొయ్యలో గుర్తించి 2009లో పేరు పెట్టారు. ఇది వైరసూ కాదు, బ్యాక్టీరియా కూడా కాదు, మైక్రోస్పోరిడియా అనే ఒంటికణ పరాన్నజీవుల్లో ఒకటి. ఒకప్పుడు వీటిని ప్రోటోజోవాలతో కలిపి చెప్పేవారు. జన్యువులు చదవడం మొదలయ్యాక శిలీంధ్రాల వంశంలోకి, కాదంటే వాటి దగ్గరి చుట్టాల్లోకి చేర్చారు. జబ్బుని మోసే విత్తనం లాంటి దాని స్పోరు పొడవు మైక్రాన్‌కి కాస్త ఎక్కువ, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. హెపాటో (రొయ్య తలలో మేత అరిగించే అవయవం, హెపాటోపాంక్రియాస్) నలిపి స్లైడు మీద పెట్టి, రంగు కూడా వేయకుండా ‘ఇదిగో ఈహెచ్‌పీ’ అని తేల్చేసేవాళ్ళని నమ్మకపోవడానికి ఈ సైజే కారణం. అంత చిన్నదాన్ని బ్యాక్టీరియా నుంచీ, చితికిన కణాల ముక్కల నుంచీ విడదీసి చెప్పడం అనుభవం ఉన్నవాళ్ళకీ కష్టమే.

స్పోరు లోపల చుట్టలు చుట్టుకుని ఒక గొట్టం ఉంటుంది, పోలార్ ట్యూబు అంటారు. స్పోరు రొయ్య కడుపులోకి వెళ్ళి హెపాటో కణం దగ్గరికి చేరగానే ఆ గొట్టం బయటికి విసురుగా వచ్చి కణంలో గుచ్చుకుంటుంది. స్పోరులోని సరుకంతా అందులోంచి కణంలోకి దిగిపోతుంది. లోపల చేరాక స్వంతంగా శక్తి చేసుకోదు. చక్కెరని విరిచి శక్తి తీసే గ్లైకాలిసిస్ మార్గంలోని జన్యువులు చాలావరకు పోగొట్టుకున్న జీవి ఇది, రొయ్య కణం తయారుచేసుకున్న ఏటీపీనే, అంటే శక్తి అణువుల్నే, లాక్కుంటుంది. కణం నిండా స్పోరులు తయారై, కణం పగిలి, పేడలో బయటికి వస్తాయి. అది తిన్న పక్క రొయ్యకి అంటుకుంటుంది, మధ్యలో వేరే జీవి అక్కర్లేదు. శక్తి దొంగిలించే జబ్బు కాబట్టి, వైట్ స్పాట్ వైరస్ జబ్బు లాగా మూడు రోజుల్లో చెరువు ఖాళీ అవదు. రొయ్య బతికే ఉంటుంది, మేత తింటుంది, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క, అంటే సైజు) మాత్రం రాదు. ఒకే విసురు వలలో చిన్నవీ పెద్దవీ కలిసి పడటం మొదలవుతుంది. విబ్రియో బ్యాక్టీరియా కూడా తోడైతే తెల్లటి పేడ తాళ్ళు నీటి మీద తేలతాయి.

పరీక్ష సంగతి. ఈ ల్యాబు వాడేది స్పోరు గోడ ప్రోటీన్ జన్యువు మీద చేసే పీసీఆర్. ఇది ముఖ్యం, అడిగి తెలుసుకోవాలి. పాత పద్ధతి రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ జన్యువు మీద ఉండేది. ఆ జన్యువు దగ్గరి చుట్టాలన్నిటిలో ఇంచుమించు ఒకేలా ఉంటుంది కాబట్టి, పీతల్లో, ఇతర జీవుల్లో ఉండే వేరే మైక్రోస్పోరిడియాకి కూడా పాజిటివ్ చూపించేస్తుంది. స్పోరు గోడ జన్యువుతో ఆ గందరగోళం బాగా తగ్గింది. రెండు విడతల్లో చేసే నెస్టెడ్ పద్ధతిలో మొదటి విడత 514 బేస్ జతల (డీఎన్‌ఏ పొడవు కొలత) ముక్క, రెండో విడత 148 జతల ముక్క జెల్ మీద గీతగా కనిపించాలి. రిపోర్టుతో జెల్ ఫొటో ఇవ్వమంటే ఈ ల్యాబు ఇస్తుంది. అడగకపోతే ఇవ్వదు.

నెస్టెడ్‌కి ఒక జబ్బుంది. మొదటి విడత అయ్యాక ట్యూబు మూత తీసి రెండో దాంట్లోకి పోయాలి. అప్పటికే ఆ ట్యూబులో ముక్కలు కోట్ల కొద్దీ తయారై ఉంటాయి. మూత తీసినప్పుడు ఎగిరిన తుంపర పక్క ట్యూబులో పడితే చాలు, మంచి పిల్ల కూడా పాజిటివ్ అయిపోతుంది. డీఎన్‌ఏ తీసే గది, మిక్స్ కలిపే గది, జెల్ నడిపే గది మూడూ వేరుగా ఉండటం, ఫిల్టర్ టిప్పులు వాడటం, ప్రతి రన్‌లో డీఎన్‌ఏ వేయని ఒక ఖాళీ ట్యూబు నడపడం ఇందుకే. ఇక్కడ గదులు రెండే ఉన్నాయి, మిక్స్ మాత్రం మూసిన క్యాబినెట్‌లో కలుపుతారు. ఖాళీ ట్యూబు ప్రతి జెల్‌లోనూ కనిపిస్తుంది. పరవాలేదు. ఖాళీ ట్యూబు లైనులో గీత పడితే ఆ రోజు రిపోర్టులన్నీ చెత్తబుట్టకే, ఎవరిదైనా సరే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. గీత రాలేదంటే జబ్బు లేదనుకోకూడదు, పీసీఆరే నడవలేదేమో చూడాలి. హెపాటోలో ఎంజైములు, కొవ్వు ఎక్కువ. డీఎన్‌ఏ శుభ్రంగా తీయకపోతే అవి పీసీఆర్‌ని నడిపే పాలిమరేజ్ ఎంజైముని ఆపేస్తాయి. అందుకని అదే డీఎన్‌ఏ మీద రొయ్య స్వంత జన్యువు ఒకటి, ఆక్టిన్ లాంటిది, కూడా చూడాలి. ఆక్టిన్ గీత వచ్చి 148 గీత రాకపోతేనే నెగెటివ్. రెండూ రాకపోతే ఫలితం లేనట్టు లెక్క. ల్యాబు ఈ కంట్రోల్ నడుపుతుంది గానీ రిపోర్టులో రాయదు. ‘ఈహెచ్‌పీ: నెగెటివ్’ అని ఒక్క ముక్క రాసి సంతకం పెడతారు. ఒక లైను ఎక్కువ టైపు చేస్తే పోయేదానికి ఇంత పిసినారితనం ఎందుకో.

ఇక శాంపిల్. ప్యాకేజీ డబ్బులు ఎక్కువగా ఇక్కడే నీళ్ళపాలవుతాయి, ల్యాబు తప్పేమీ లేకుండానే. ఉప్పాడ, కోనపాపపేట వైపు హ్యాచరీ నుంచి వచ్చిన పిల్లల్ని చిన్న కవర్‌లో ఇరవై తెచ్చి ఇచ్చి ‘చూడండి’ అనేవాళ్ళే ఎక్కువ. లెక్క చూడండి. ట్యాంకులో నూటికి రెండు పిల్లలకి జబ్బుందనుకుంటే, ఇరవై తీస్తే అందులో ఒక్కటైనా జబ్బుది పడే అవకాశం మూడింట ఒక వంతే. 150 తీస్తే 95 శాతం. 150 అనే అంకె వచ్చింది ఈ లెక్క నుంచే. అదే జబ్బు వెయ్యికి ఒక్క పిల్లలోనే ఉంటే 150 తీసినా దొరికే అవకాశం 14 శాతం. ఎకరానికి లక్ష పిల్ల వేస్తే అందులో జబ్బువి వంద. అంటించడానికి ఆ వంద చాలు. అందుకే పిల్ల నెగెటివ్ వచ్చినా నెల లోపు పరీక్ష మానకూడదు.

150 పిల్లలూ ఒక ట్యాంకువే అయి ఉండాలి, మీరు బుక్ చేసిన ట్యాంకువే. నాలుగు మూలల నుంచీ, మధ్య నుంచీ, అడుగు నుంచీ తీయాలి. పైన తేలే చురుకైనవే వలకి వస్తాయి, జబ్బువి అడుగున ఉంటాయి. అదే శాంపిల్‌తో వైట్ స్పాట్ కూడా చూస్తున్నట్టయితే పిల్లల కళ్ళు తీసేయాలి, కంటిలోని పదార్థం పీసీఆర్‌ని అడ్డుకుంటుంది. ల్యాబు కుర్రాడు అది తనే చేస్తాడు. 150 కలిపి నూరితే అర గ్రాము పైనే అవుతుంది, డీఎన్‌ఏ తీసే కాలమ్‌కి పట్టేది దాదాపు 25 మిల్లీగ్రాములు. అంటే నూరిన ముద్దలోంచి చిటికెడు తీస్తారు. ముద్ద మెత్తగా, ఒకేలా కలవకపోతే 150 తెచ్చిన ఫలితం లేదు. మూడు భాగాలుగా, ఒక్కో దాంట్లో 50 చొప్పున చేయమని అడగండి. రేటు పెంచుతారు, ఆ పెంపు ఇవ్వదగ్గదే.

పెరిగిన రొయ్య అయితే పద్ధతి తిరగబడుతుంది. చెరువు సగటు తెలుసుకోవడానికి కాదు, జబ్బు ఉందో లేదో పట్టుకోవడానికి తీస్తున్నాం కాబట్టి బాగా పెరిగినవి వద్దు. చెక్ ట్రేలో, విసురు వలలో పడ్డ చిన్నవి, పేగు ఖాళీగా ఉన్నవి, హెపాటో రంగు పాలిపోయినవి ఏరండి. బతికున్నవే ఉండాలి. చచ్చిన రొయ్యలో ముందు కరిగిపోయేది హెపాటోనే, దాని స్వంత ఎంజైములే దాన్ని తినేస్తాయి. చెరువు గట్టు మీదే తల కోసి, హెపాటో తీసి, 95 శాతం ఆల్కహాల్‌లో వేయాలి. ముక్క ఒక వంతుకి ఆల్కహాల్ పది వంతులు. ముక్క మునిగితే సరిపోతుందనుకుని అరచెంచాడు పోస్తారు, లోపలి నీరు ఆల్కహాల్‌ని పల్చన చేసి కుళ్ళు మొదలవుతుంది. మెడికల్ షాపు స్పిరిట్‌లో నీళ్ళ పాలు ఎక్కువ, అదీ పనికిరాదు. ఫార్మాలిన్‌లో అస్సలు వేయొద్దు, డీఎన్‌ఏ ముక్కలైపోయి పీసీఆర్‌కి అక్కరకు రాకుండా పోతుంది. ఆల్కహాల్ ట్యూబులు ల్యాబు ఉచితంగానే ఇస్తుంది, ముందు రోజు తెచ్చుకోవాలి.

పేడ తాళ్ళు తెచ్చి పరీక్ష చేయించే అలవాటు కూడా ఉంది. రొయ్యని చంపక్కర్లేదు, పాజిటివ్ వస్తే నమ్మవచ్చు. నెగెటివ్ వస్తే మాత్రం దాని మీద ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. స్పోరులు అన్ని రోజులూ ఒకేలా బయటికి రావు.

రిపోర్టు గురించి ఇంకో మాట. ల్యాబులో రియల్ టైమ్ మెషిన్ ఉంది, నెల లోపు పరీక్ష దాని మీదే చేస్తారు. ఆ మెషిన్ సీటీ విలువ ఇస్తుంది, అంటే ఎన్నో చక్రంలో సిగ్నల్ పైకి లేచిందో. అంకె చిన్నదైతే జబ్బు ఎక్కువ. ఒక్కో చక్రానికి డీఎన్‌ఏ రెట్టింపు అవుతుంది కాబట్టి సీటీ 18కీ 32కీ ఉన్న తేడా 14 చక్రాలు, అంటే పదహారు వేల రెట్లు. ఈ రెండు చెరువులకీ రిపోర్టులో ఒకే మాట వస్తుంది, ‘పాజిటివ్’ అని. 18 వచ్చిన చెరువులో ముప్పై రోజుల వయసుకే హెపాటో నిండిపోయినట్టు. మేత పోసుకుంటూ కూర్చుంటే మేత ఖర్చు పెరుగుతుంది తప్ప కౌంటు రాదు, తీసేసి చెరువు ఎండబెట్టే ఆలోచన చేయాలి. 32 వచ్చినవాడికి దారి ఉంది. మేత బిగించడం, అడుగు మడ్డి లాగేయడం, విబ్రియో పెరగనీయకపోవడం, పది రోజులకి మళ్ళీ అదే ల్యాబులో అదే పద్ధతిలో చూడటం. సీటీ అంకె పడిపోతుంటే, అంటే జబ్బు పెరుగుతుంటే, చిన్న సైజులోనైనా ముందే పట్టేయడం. అడిగితే సీటీ చెబుతారు, వాట్సాప్‌లో పెడతారు. రిపోర్టు మీద ఎందుకు అచ్చు వేయరన్నదానికి ‘రైతులు కంగారు పడతారండీ’ అన్నది జవాబు. ఎకరాలకి ఎకరాలు సాగు చేసే మనిషికి ఒక అంకె అర్థం కాదనుకోవడం ఏం మర్యాద? వేరే ల్యాబు సీటీతో మాత్రం పోల్చకండి. కిట్టు మారితే అంకె మారుతుంది.

మట్టి పరీక్షకి వద్దాం. పట్టుబడి అయ్యాక అడుగు మట్టిలో స్పోరులున్నాయో లేదో తెలిస్తే మంచిదే, ఆలోచన సరైనదే. చిక్కు రెండు చోట్ల ఉంది. స్పోరు గోడలో కైటిన్ ఉంటుంది, గట్టిది. హెపాటోకి వాడే మామూలు ద్రావణం పోస్తే అది పగలదు, లోపలి డీఎన్‌ఏ బయటికి రాదు. సన్నని గాజు పూసలు వేసి మెషిన్‌లో గట్టిగా కొట్టాలి. ఈ ల్యాబులో ఆ మెషిన్ లేదు. పైగా నల్లమట్టిలోని హ్యూమిక్ ఆమ్లాలు పీసీఆర్‌ని ఆపేస్తాయి, మన డెల్టా చెరువుల అడుగు మడ్డిలో వాటికి కొదవా? ఈ రెండూ కలిస్తే మట్టి దాదాపు ఎప్పుడూ నెగెటివే వస్తుంది. ఇంకోవైపు, సున్నం వేశాక పరీక్షిస్తే చచ్చిన స్పోరు డీఎన్‌ఏకి కూడా పాజిటివ్ రావచ్చు, ఎందుకంటే పీసీఆర్ బతికున్నదీ చచ్చిందీ తేడా చూడదు.

ఆ డబ్బు సున్నానికి పెట్టండి. చెరువు ఎండాక హెక్టారుకి 6 టన్నుల కాల్చిన సున్నం, అంటే ఎకరానికి దాదాపు 2,400 కిలోలు, యాభై కిలోల బస్తాలైతే 48. చల్లి 10 నుంచి 12 సెంటీమీటర్ల లోతు దున్ని, మట్టి తడిపి, పీహెచ్ 12 దాటేలా చూసి, మళ్ళీ ఎండబెట్టాలి. మామూలు వ్యవసాయ సున్నం ఈ పని చేయదు, పీహెచ్ అంత ఎక్కదు. చల్లేసి తడపకుండా వదిలేస్తే కూడా అంతే, నీరు తగిలితేనే సున్నం కాగుతుంది. వేరే చెరువులో వాడిన వలలు, ట్రేలు ఉంటే లీటరుకి 15 మిల్లీగ్రాముల పర్మాంగనేట్ నీళ్ళలో 15 నిమిషాలు నానబెట్టండి, 65 శాతం క్లోరిన్ పొడి అయితే లీటరుకి 40 మిల్లీగ్రాములు. ముందు మడ్డి కడిగేయాలి, మడ్డి ఉంటే మందంతా దానికే సరిపోతుంది.

ఇప్పుడు ఆ సాచెట్. వెండి రంగు కవరు, మీద రొయ్య బొమ్మ, రొయ్య చుట్టూ కవచం, పెద్ద అక్షరాల్లో ‘ఈహెచ్‌పీ వ్యాక్సిన్, మాలిక్యులర్ టెక్నాలజీ’. వెనక చిన్న అక్షరాల్లో బీటా గ్లూకాన్, ఈస్ట్ సారం, విటమిన్ సీ. మేతకి కలిపి పదిహేను రోజులు పెట్టమంటారు. బీటా గ్లూకాన్ ఈస్ట్ గోడలోంచి తీసేది, ఈస్టూ ఒక శిలీంధ్రమే కదా, ఆ మాటతో ‘శిలీంధ్రానికి శిలీంధ్ర వ్యాక్సిన్’ అని కౌంటర్ మీద చెప్పేస్తున్నారు. తెలివైన మాటే, అబద్ధం.

వ్యాక్సిన్ పని చేసేది జ్ఞాపకంతో. ఒకసారి చూపించిన శత్రువుని గుర్తుపెట్టుకునే లింఫోసైట్లు, దానికి అతికే యాంటీబాడీలు ఉండాలి. అవి మనకున్నాయి, పశువులకున్నాయి, చేపకీ ఉన్నాయి. రొయ్యకి యాంటీబాడీలు లేవు. దాని రక్షణంతా పుట్టుకతో వచ్చినదే. బీటా గ్లూకాన్ ఆ రక్షణని కొంతసేపు రెచ్చగొడుతుంది, అది ఈహెచ్‌పీకి ప్రత్యేకం కాదు. రొయ్యలో నిజంగా మాలిక్యులర్ స్థాయిలో జరుగుతున్న పని వేరే. స్పోరు గోడ ప్రోటీన్లు, పోలార్ ట్యూబు ప్రోటీన్లు ఏ జన్యువు నుంచి వస్తున్నాయో గుర్తించి, రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏతో ఆ జన్యువుల్ని నోరు మూయించే ప్రయత్నాలు ప్రయోగశాలల్లో జరుగుతున్నాయి. వాటిని చెరువు మేతలో చెడిపోకుండా హెపాటో దాకా చేర్చడం పెద్ద పని. మన షాపుల్లో సాచెట్‌గా దొరికే దశ కాదది. స్పోరు లోడు తగ్గిస్తామని చెప్పే చికిత్స ఉత్పత్తుల సంగతి వేరు, వాటిని వాటి పరీక్ష ఫలితాలతో తూచాలి.

మనుషులకే ఇంతవరకు ఏ శిలీంధ్ర జబ్బుకీ అనుమతి పొందిన వ్యాక్సిన్ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాదకరమైన శిలీంధ్రాల జాబితా వేసి 19 పేర్లు చేర్చింది, క్యాండిడా ఆరిస్, ఆస్పర్జిల్లస్ ఫ్యుమిగేటస్ వంటివి అందులో పై వరసలో ఉన్నాయి. 2021లో బ్లాక్ ఫంగస్ ఏం చేసిందో గోదావరి జిల్లాలకి చెప్పక్కర్లేదు. అయినా వ్యాక్సిన్ రాలేదు. శిలీంధ్ర కణం మన కణానికి చాలా దగ్గర, దాన్ని మాత్రమే గురిపెట్టే ప్రోటీన్ దొరకడం కష్టం. పైగా ఈ జబ్బులు ఎక్కువగా వచ్చేది రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళకి, వాళ్ళకే వ్యాక్సిన్ సరిగ్గా ఎక్కదు. క్యాండిడాకి ఎన్‌డీవీ-3ఏ అనేది మనుషుల మీద రెండో దశ దాకా వెళ్ళింది, అది క్యాండిడా అతుక్కోవడానికి వాడే ఏఎల్‌ఎస్3 ప్రోటీన్‌తో చేసినది. దూడల తామరకి మాత్రం సోవియట్ కాలం నుంచే వ్యాక్సిన్ ఉంది, రొయ్యకి లేని ఆ జ్ఞాపకం పశువుకి ఉంది కాబట్టి. ఇన్నేళ్ళ పరిశోధన మనిషికి ఇవ్వలేనిది మేత గ్లూకాన్ కవరు రొయ్యకి ఇస్తుందంటే ఎవరు నమ్ముతారు?

సాచెట్ కొననంటే ప్యాకేజీ రేటు మారదు, ఇబ్బందేం లేదు. బిల్లులో ముందే కలిపేస్తారు, చూసుకుని తీయించుకోవాలి.

సర్వీసు మామూలుగా బాగుంటుంది. శాంపిల్ మధ్యాహ్నం పన్నెండు లోపు ఇస్తే అదే రోజు రన్‌లో వేస్తారు, రాత్రికి ఫోన్‌లో ఫలితం, మర్నాడు కాగితం. పన్నెండు దాటితే మర్నాటికి. ఆదివారం రన్ లేదు కాబట్టి శనివారం సాయంత్రం ఐసు మీద బతికున్న రొయ్యలు పట్టుకెళ్ళొద్దు. వాళ్ళు తీసుకుని ఫ్రిజ్‌లో పెడతారు, సోమవారానికి హెపాటో నీళ్ళయిపోతుంది. ఆల్కహాల్ ట్యూబులో ఇస్తే ఆ భయం లేదు. ట్యూబు మీద పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా ఆల్కహాల్ తగిలితే చెరిగిపోతుంది. చెరువు నంబరు, సీడ్ వేసిన తేదీ, హ్యాచరీ ట్యాంకు నంబరు మూడూ రాయాలి. రసీదు తీసుకునేటప్పుడే ‘సీటీ, ఆక్టిన్ రెండూ రిపోర్టులో వేయండి’ అని దాని మీద రాయించుకోండి. అలా రాయిస్తే వేస్తున్నారు.